పాపికొండల ఊళ్లకు ఏ గ్రాంటు ఏ పనికి: జాతీయ ఉద్యానం పరిధిలో నిధుల ఎంపిక

పాపికొండల జాతీయ ఉద్యానం లోపలా, దాని అంచునా ఉన్న కొండరెడ్డి, కోయ గూడేల్లో ఏదైనా అభివృద్ధి పని తలపెట్టగానే ముందుగా వినబడే ప్రశ్న "ఎక్కడ అడిగితే ఎక్కువ డబ్బు వస్తుంది" అన్నదే. అవసరాలు అంతగా ఉన్నచోట ఆ ప్రశ్న సహజమే. అయితే గ్రామ సంఘాలకు ప్రతిపాదనలు రాసిపెట్టే పనిలో ఉన్న నాకు ఇన్నేళ్లలో స్థిరపడిన అభిప్రాయం వేరు. నిధిని దాని మొత్తాన్ని బట్టి ఎంచుకోకూడదు. పని నిలబడే నేల మీద ఊరికి ఏ హక్కు ఉంది, గ్రాంటు కాలం ముగిసిన మరుసటి ఏడు ఆ పనిని ఎవరు చూసుకుంటారు అన్న రెండింటిని బట్టి ఎంచుకోవాలి. ఈ రెండింటికీ జవాబు దొరికితే, ఎన్ని పథకాలు ఉన్నా మన ఊరికి నిజంగా పనికివచ్చేవి ఒకటి రెండే మిగులుతాయి.

ముందు నేల సంగతి

పాపికొండలను 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. ఈ హోదా మార్పును చాలా ప్రతిపాదనల్లో ఒక పరిచయ వాక్యంగా రాసి వదిలేస్తారు గానీ, గ్రాంటు ఎంపికను శాసించేది అదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో పశువుల మేతను నియంత్రణకు లోబరిస్తే, జాతీయ ఉద్యానంలో దాన్ని నిషేధించింది. కాబట్టి జీవనోపాధి పేరుతో ప్రతి ఏజెన్సీ ఊరికీ సూచించే మేకల యూనిట్లు ఉద్యానం లోపలి గూడేనికి తగిన పథకం కాదు. డబ్బు సులువుగా దొరుకుతుందని దానికి దరఖాస్తు పెడితే, ఆ మేకలను మేపడానికి వెళ్లిన ఇంటి ఆడపిల్ల రేపు అటవీశాఖ బీట్ ఆఫీసరుకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

అటవీ ఉత్పత్తుల విషయం ఇంకా సున్నితమైనది. జాతీయ ఉద్యానం నుంచి అనుమతితో తెచ్చుకున్న అటవీ ఉత్పత్తిని స్థానికులు సొంత అవసరాలకు వాడుకోవచ్చు గానీ వ్యాపారానికి వాడరాదని వన్యప్రాణి చట్టంలోని 35వ సెక్షన్ అంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మాత్రం అభయారణ్యాలను, జాతీయ ఉద్యానాలను కూడా అటవీ భూమిగానే నిర్వచించి, చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును గుర్తించింది. తేనె, చింతపండు, అడ్డాకు, కుంకుడు, కొండచీపురు, తపసి జిగురు వంటి వాటిపై ఆధారపడే ఏ ప్రాజెక్టుకైనా ఊరి చేతిలో సామూహిక హక్కుల పత్రం ఉండటం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ పత్రం లేని ఊరు తేనె శుద్ధి కేంద్రానికి గ్రాంటు తెచ్చుకుంటే, పునాది లేకుండా పైకప్పు వేసినట్టే అవుతుంది. అలాంటి ఊరు గ్రాంటు దరఖాస్తు కంటే ముందు గ్రామసభ ద్వారా హక్కు క్లెయిము పెట్టాలి. అది సబ్ డివిజన్ స్థాయి కమిటీని, ఆపైన జిల్లా స్థాయి కమిటీని దాటి రావడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఊరి ఉమ్మడి వసతుల విషయంలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. అటవీ హక్కుల చట్టంలోని 3వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద పాఠశాల, అంగన్‌వాడీ, తాగునీటి గొట్టాలు, చిన్న చెరువులు, వాన నీటి నిల్వ కట్టడాలు, సంప్రదాయేతర ఇంధన వనరులు, రోడ్లు, సామాజిక భవనాలు వంటి 13 రకాల ప్రభుత్వ వసతులకు అటవీ భూమిని మళ్లించవచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు కంటే తక్కువ భూమే వాడాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు చేయాలి. అయితే ఈ మినహాయింపు అటవీ సంరక్షణ చట్టానికి సంబంధించినది. వన్యప్రాణి చట్టం కింద విడిగా తీసుకోవలసిన అనుమతి ఏదైనా ఉందేమో వన్యప్రాణి విభాగం అటవీ అధికారి (డీఎఫ్‌వో)కి ఉత్తరం రాసి, జవాబును రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. నోటిమాటగా "కానివ్వండి" అన్న అధికారి బదిలీ అయితే, తర్వాత వచ్చిన వారికి చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లకు మరో ప్రశ్న కూడా ఉంది. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. తొలి దశ పునరావాసాన్ని 41.15 మీటర్ల కాంటూరు (ఎత్తు గీత) ప్రకారం లెక్కించారు. ఆ రెండింటిలో ఏ గీత కింద ఉన్న ఊరైనా సిమెంటు కట్టడానికి గ్రాంటు అడగకూడదని నా గట్టి అభిప్రాయం. అటువంటి ఊరికి విప్పి వెంట తీసుకుపోగలిగినవే అడగాలి: సౌర పలకలు, తూనిక యంత్రాలు, తేనె తీసే పరికరాలు, అన్నిటికంటే ముఖ్యంగా శిక్షణ. ఊరు మారినా ఇవి మనుషుల వెంట వస్తాయి.

ఒక విస్తరాకుల యంత్రం చెప్పిన పాఠం

ఉద్యానం అంచున ఉన్న ఒక గూడెంలో అడ్డాకుల విస్తర్లు నొక్కే యంత్రం కోసం ఒక దాత సంస్థకు ప్రతిపాదన రాశాను. అడిగినంతా మంజూరైంది. యంత్రం వచ్చిన రోజున ఆడవాళ్లు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మొదటి విస్తరిని గ్రామదేవత గుడి దగ్గర పెట్టారు. రెండు పొరలుగా కుట్టిన ఆకును అచ్చు మధ్య పెట్టి మీట నొక్కితే, కొద్ది సేపట్లో గట్టి అంచుతో గుండ్రటి విస్తరి బయటికి వచ్చేది. కాలిన ఆకు వాసన గది అంతా వ్యాపించేది. సాయంత్రం పూట ఊరికి వచ్చే కరెంటు బలహీనంగా ఉండేది. అచ్చు సరిగా వేడెక్కక విస్తరి మధ్యలో చీలిపోయేది. నాలుగో నెలలో హీటరు కాయిల్ కాలిపోయింది. మరమ్మతుకు రాజమహేంద్రవరం తీసుకువెళ్లాలి. జీపు కిరాయి, మరమ్మతు కలిపి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. కానీ సంఘం ఖాతాలో అంత కూడా లేదు. మా బడ్జెట్‌లో నిర్వహణ పద్దు ఉండేది. దాత సంస్థ "పరికరాలకు మాత్రమే" అని దాన్ని కొట్టివేసినప్పుడు, మంజూరు చేజారిపోతుందన్న భయంతో నేను ఒప్పుకున్నాను. ఆ యంత్రం మీద ఇప్పుడు ఎండు మిరపకాయల గోనె సంచులు ఉన్నాయి. నిధులను పోల్చేటప్పుడు ప్రతి నిధినీ నేను ముందుగా అడిగే ప్రశ్న ఆ గదిలో పుట్టింది: ఈ గ్రాంటు మరమ్మతుకు డబ్బు ఇస్తుందా, ఇవ్వకపోతే ఆ డబ్బును కూడబెట్టుకునే వ్యవధి అయినా ఇస్తుందా?

చిన్న గ్రాంటా, కంపెనీ నిధా

స్వచ్ఛంద సంస్థ తోడు ఉన్న గ్రామ సంఘానికి ప్రధానంగా రెండు దారులు ఎదురవుతాయి. మొదటిది ప్రపంచ పర్యావరణ సదుపాయ సంస్థ నిధులతో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ద్వారా 1992 నుంచి నడుస్తున్న చిన్న గ్రాంట్ల కార్యక్రమం. రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి, అందరూ సీఎస్ఆర్ అని పిలిచేది.

చిన్న గ్రాంట్ల కార్యక్రమంలో ఒక ప్రాజెక్టుకు ఇచ్చే గరిష్ఠ మొత్తం చాలా కాలం పాటు 50,000 డాలర్లుగా ఉంది. మన లెక్కలో అది నలభై లక్షల రూపాయల పైచిలుకు. ఎక్కువ ప్రాజెక్టులకు అంతకంటే తక్కువే అందుతుంది. జీవవైవిధ్యం, వాతావరణ మార్పు, నేల క్షీణత వంటి అంశాలలో పని ఏదో ఒకదానికి స్పష్టంగా ముడిపడి ఉండాలి. ఊరి వాటాను డబ్బుగానో, శ్రమగానో, వస్తువుగానో చూపించాలి. ఇక్కడ కొండరెడ్డి గూడేనికి ఒక బలం ఉంది. రాళ్లు మోయడం, గొట్టం కందకం తవ్వడం, కంచె వెదురు కొట్టి తేవడం వంటి శ్రమను రోజుల లెక్కన, సంతకాలతో హాజరు పట్టీలో రాసి పెడితే అదే వాటాగా నిలుస్తుంది. ఈ కార్యక్రమంలో నాకు నచ్చేది నేర్చుకోవడానికి ఇచ్చే చోటు. మొదటి విడతలో అనుకున్నది కుదరకపోతే కారణం రాసి, రెండో విడతలో పద్ధతి మార్చుకునే వీలు ఉంటుంది. ఇబ్బంది కూడా ఉంది. ప్రతి దశలోనూ కార్యక్రమం కొన్ని భూభాగాలనే ఎంచుకుంటుంది. ప్రస్తుత దశలో తూర్పు కనుమలు ఉన్నాయో లేదో తేల్చుకోకుండా ప్రతిపాదన రాయడం శ్రమ వృథా.

విదేశీ డబ్బు అనగానే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, భయం కలుగుతుంది. ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు ఆ చట్టం ప్రకారం విదేశీ మూలాల కిందికి రావు. అయినా డబ్బు ఏ సంస్థ ఖాతా నుంచి మన ఖాతాకు వస్తుందో ముందుగా అడిగి తెలుసుకోవాలి. నేరుగా విదేశీ దాత నుంచి వచ్చే గ్రాంటు అయితే, 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు బదలాయించడానికి వీల్లేదు. పరిపాలనా ఖర్చు 20 శాతానికి మించరాదు. ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేని చిన్న గ్రామ సంఘం పెద్ద సంస్థ వెనక నిలబడి అటువంటి డబ్బు తెచ్చుకునే పాత పద్ధతికి ఇప్పుడు దారి మూసుకుపోయిందని దీని అర్థం.

సీఎస్ఆర్ పద్ధతి వేరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని ఖర్చు చేయాలి. ఆ చట్టంలోని ఏడో షెడ్యూలులో పర్యావరణ సమతుల్యత, వృక్ష జంతుజాల రక్షణ స్పష్టంగా ఉన్నాయి. అమలు చేసే సంస్థకు కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ పత్రాలు ఉండాలి. సాధారణంగా మూడేళ్ల అనుభవం కూడా చూపించాలి. డబ్బు త్వరగా వస్తుంది, మొత్తం కూడా పెద్దదిగా ఉండవచ్చు. కానీ కంపెనీ లెక్క మార్చి నెలాఖరుకు ముగుస్తుంది. జనవరిలో పిలిచి మార్చిలోపు ఖర్చు చూపించమంటే, కొనగలిగేది యంత్రమో కట్టడమో మాత్రమే అవుతుంది. మనుషులను సిద్ధం చేసే పనికి అంత తక్కువ వ్యవధి చాలదు. చట్టం కొనసాగే ప్రాజెక్టులకు, మొదలైన ఏడాదిని మినహాయించి మూడేళ్ల వరకు అవకాశం ఇచ్చింది. అందువల్ల కంపెనీతో మాట్లాడే మొదటి సమావేశంలోనే "దీన్ని కొనసాగే ప్రాజెక్టుగా తీసుకుంటారా" అని అడగాలని నా సలహా. కుదరదంటే ఒక్కసారితో పూర్తయ్యే పనినే ఆ డబ్బుకు ఇవ్వాలి. ఉదాహరణకు కొండవాగు నుంచి గ్రావిటీ మీద నీరు తెచ్చే గొట్టపు లైను. దానికి మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. వాగు దగ్గరి వడపోత తొట్టిలో పేరుకున్న ఆకులను వారానికోసారి తీసేయడం ఊరివాళ్లకు చేతనైన పని.

ఈ రెండింటిలో ఒకటి చెప్పమంటే, మొదటిసారి గ్రాంటు తెచ్చుకుంటున్న ఊరికి చిన్న గ్రాంటునే నేను సూచిస్తాను. అందులో రాత పని ఎక్కువ, రావడం ఆలస్యం. అయినా ఆ రాత పనిలోనే ఊరు తన లెక్కలు తాను చూసుకోవడం నేర్చుకుంటుంది.

ప్రభుత్వ దారులు

గిరిజనులు అటవీ ఉత్పత్తులను తామే శుద్ధి చేసి అమ్ముకోవడానికి తోడ్పడే వన్ ధన్ పథకాన్ని 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో ప్రారంభించారు. ఒక కేంద్రానికి సుమారు 300 మంది సభ్యులు, 20 మంది చొప్పున 15 స్వయం సహాయక బృందాలు, 15 లక్షల రూపాయలు. చూడటానికి పెద్ద మొత్తమే అయినా మనిషికి 5,000 రూపాయలే పడుతుంది. అంతకంటే ముఖ్యం, ఇరవై ముప్పై ఇళ్ల గూడేలు కొండల మీద విడివిడిగా ఉన్నచోట 300 మందిని కూర్చాలంటే ఎన్నో గూడేలు కలవాలి. కలిసిన తర్వాత శుద్ధి యంత్రం ఏ ఊళ్లో పెట్టాలన్న దగ్గర పేచీ వస్తుంది. యంత్రం ఉన్న ఊరికి బాగు, కొండ మీది ఊరికి మోత. ఇది వన్ ధన్‌ను వద్దనడానికి కాదు. సామూహిక హక్కు పత్రం ఉండి, రోడ్డు పక్కన గిరిజన సహకార సంస్థ డిపో ఉన్న ఊళ్ల గుంపుకు ఇది చక్కగా సరిపోతుంది. 1956 నుంచి అటవీ ఉత్పత్తులు కొంటున్న ఆ సంస్థ కొనుగోలు ధర కంటే శుద్ధి చేసి అమ్మితే కిలోకు ఎంత మిగులుతుందో ముందు ఒక సీజను పాటు చేతితోనే చేసి చూడాలి. కొండరెడ్లు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో ఉన్నందున, ఆ తెగల కోసం 2023 నవంబరు 15న మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్ కింద వారి గూడేలకు ఇళ్లు, తాగునీరు, సౌర విద్యుత్తు వంటివి కూడా అందే అవకాశం ఉంది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో అడగగలిగిన దానికి అరుదుగా దొరికే గ్రాంటును ఖర్చు పెట్టవద్దు.

నాబార్డు గిరిజనాభివృద్ధి నిధి 2003-04లో ఏర్పడింది. దాని వాడీ నమూనాలో ఒక్కో కుటుంబానికి సుమారు ఒక ఎకరంలో మామిడి, జీడిమామిడి వంటి పండ్ల తోట, గట్ల మీద అటవీ జాతి చెట్లు, మొక్కలు పెరిగే దాకా అంతర పంటలు ఉంటాయి. కొన్నేళ్ల పాటు వరుసగా అండగా ఉండటం దీని గొప్పదనం. మొక్క బతికిందా లేదా అన్నది రెండో వేసవిలోనే తెలుస్తుంది కాబట్టి ఏడాది గ్రాంటుతో తోట వేయడం అర్థం లేని పని. వాడీకి సాగుభూమి కావాలి. ఉద్యానం లోపల అయితే వ్యక్తిగత అటవీ హక్కు పత్రం ఉన్న కుటుంబాలకే ఇది వర్తిస్తుంది. జంతువుల సంగతి కూడా ఆలోచించాలి. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి వచ్చే ఎలుగుబంట్లతో జనం ఎంత ఇబ్బంది పడుతున్నారో తెలిసిందే. పాపికొండల్లోనూ ఎలుగులు ఉన్నాయి. ఇంటికి ఆనుకుని కాకుండా కాస్త ఎడంగా, జీడిమామిడి కంటే నిమ్మ, పసుపు వంటివి ఎక్కువగా ఉండేలా తోటను మలచమని నేను కోరతాను.

అటవీశాఖ ద్వారా వచ్చే కంపా, అంటే పరిహార వనీకరణ నిధి, డబ్బుకు ఊరు నేరుగా దరఖాస్తు చేయలేదు. 2016 చట్టం ప్రకారం అది రాష్ట్రానికి చేరి, శాఖ వార్షిక ప్రణాళిక ద్వారా ఖర్చవుతుంది. వన సంరక్షణ సమితి లేదా పర్యావరణాభివృద్ధి కమిటీ తన సూక్ష్మ ప్రణాళికలో పనిని రాయించుకోవడం ఒక్కటే మార్గం. అగ్ని రేఖలు, నీటి గుంటలు, కలుపు మొక్కల తొలగింపు వంటి కూలి పనులకు ఇది బాగుంటుంది. ఊరి సొంత ఆస్తి ఏర్పడటానికి కాదు.

ఇక పర్యాటక వసతి. మారేడుమిల్లి వైపు వన సంరక్షణ సమితులు నడిపిన విడిది గుడారాలు, కాటేజీలు చూసి ప్రతి ఊరూ అదే కోరుకుంటోంది. 2024 అక్టోబరులో మొదలైన కేంద్ర గిరిజన పథకం ధర్తీ ఆబా అభియాన్‌లో గిరిజన ఇంట రెండు కొత్త గదులకు 5 లక్షల వరకు, ఉన్నవాటి మెరుగుదలకు 3 లక్షల వరకు సాయం ఉంది. ఉద్యానం లోపల వాణిజ్య వసతి గృహాలకు జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు అనుమతి కావాలి గనుక, ఇది అంచు గ్రామాలకు తగిన దారి. అక్కడ కూడా పెట్టుబడి పెడతామంటూ మైదానం నుంచి వచ్చే భాగస్వాములతో జాగ్రత్తగా ఉండాలి. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లడాన్ని నిషేధించింది. గది కట్టుకున్న ఇంటివారికి లెక్కల పుస్తకం అర్థం కాకపోతే, భూమి పేరు మారకుండానే ఆదాయం చేతులు మారుతుంది.

ఎలా తేల్చుకోవాలి

ఉద్యానం లోపల ఉండి ఇంకా ఏ హక్కు పత్రమూ లేని గూడేనికి ఇప్పుడు కావలసినది గ్రాంటు కాదు, క్లెయిము పని. దానికి తోడ్పడే సంస్థను వెతకాలి. ఆ వ్యవధిలో తాగునీటి వంటి అవసరాలకు ఐటీడీఏను పట్టుకోవాలి. పత్రాలు ఉన్న లోపలి గూడేనికి తేనె, అడ్డాకు వంటి ఒకే ఒక్క ఉత్పత్తి మీద చిన్న గ్రాంటు, దానితోపాటు సాగుభూమి ఉన్నవారికి వాడీ. రోడ్డు, కరెంటు ఉన్న అంచు గ్రామాల గుంపుకు వన్ ధన్, ఒక్కసారి పనులకు సీఎస్ఆర్. ముంపు గీత కింద ఉన్న ఊరికి పైన చెప్పినట్టు వెంట తీసుకుపోగలిగినవి మాత్రమే.

డబ్బు వచ్చే పద్ధతిని కూడా పోల్చాలి. ముందు ఖర్చు చేసి బిల్లు పెడితే తర్వాత ఇచ్చే నిధి, ఎంత మంచిదైనా, చేతిలో పైసా లేని సంఘానికి అప్పుల గొయ్యి. విడతలుగా ముందే ఇచ్చే నిధిలో ప్రతి విడతకీ వినియోగ పత్రం, యూసీ, అడుగుతారు. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం కోసం కొండ దిగివచ్చే ప్రయాణ ఖర్చును బడ్జెట్‌లో రాయాలి. మరమ్మతు పద్దును దాత కొట్టివేస్తే ఆ రోజే గ్రామసభ పెట్టి, అమ్మకంలో ఒక వంతును మరమ్మతు నిధిగా పక్కన పెడతామని తీర్మానం రాసి, ప్రతిపాదనకు జత చేయాలి. దానికీ ఊరు ఒప్పుకోకపోతే ఆ యంత్రాన్ని అడగకపోవడమే మంచిది.

తీర్మానం విషయంలో చివరిగా ఒక మాట. వానలకు వాగులు పొంగితే పై గూడేలవాళ్లు కిందికి రాలేరు. అప్పుడు పెట్టిన గ్రామసభలో కోరం కోసం ఒకరి బదులు ఒకరు వేలిముద్ర వేయడం నేను చూశాను. జూన్ దాటాక వచ్చే దరఖాస్తు గడువుల కోసం సభను మే నెలలోనే, పై గూడెంలోనే పెట్టండి. తీర్మానాన్ని అక్కడే తెలుగులో రాసి, అందరికీ వినబడేలా రెండుసార్లు చదివి, వారు మార్చమన్న మాటలు మార్చి, ఆ తర్వాతే వేలిముద్రలు తీసుకోండి.